తొట్లకొండ మీద బిర్యానీ పొట్లాలు: గేటు బిగించాలా, తెరిచే ఉంచాలా?

సముద్రపుగాలి
మొన్న ఆదివారం మా అత్తగారిని, పిల్లలిద్దరినీ తీసుకుని తొట్లకొండ వెళ్ళాం, అదే వైజాగ్ దగ్గర సముద్రం పక్కన పాత బౌద్ధ ఆరామం శిథిలాలున్న కొండ. నేను దాన్ని చివరిసారి చూసింది కాలేజీ రోజుల్లో. అప్పట్లో పైన మేం, గాలి, నాలుగు మేకలు.

ఇప్పుడు అడుగుపెట్టగానే ఒక చిన్న స్తూపం మీదెక్కి కూర్చుని నలుగురు కుర్రాళ్ళు బిర్యానీ తింటున్నారు. అటుపక్క భిక్షువుల గదుల పునాదుల మీద పెళ్ళికూతురి గాగ్రా ఆరేసినట్టు పరిచి షూటింగు, నెత్తి మీద డ్రోను. మా చిన్నాడు రాతి తొట్టిలోకి తొంగిచూసి "అమ్మా, ఇది చెత్తబుట్టా?" అన్నాడు. లోపల సీసాలు, చిప్సు కవర్లు. వాడి తప్పేముంది, ఉన్నది చూశాడు, అన్నాడు.

కుర్రాళ్ళకి చెప్పబోతే "ఆంటీ, ఇక్కడ కూర్చోవద్దని బోర్డుందా?" అన్నారు. నాకు బీపీ.

నా ప్రశ్న ఒకటే. టికెట్టు పెట్టి, కార్లు కిందే ఆపేసి, రోజుకి ఇంతమందే అని లెక్క పెడితే తప్పా? మా ఆయన "అందరి కొండకి నీ ముళ్ళకంచె ఏంటి" అంటారు. ఇంట్లో తేలలేదు, అందుకే ఇక్కడ పెట్టాను.

పొద్దున్నే_నడక
మీ ఆయన పక్షం. వారానికి మూడు రోజులు ఆ కొండెక్కుతాను. ఉదయం ఆరున్నరకి వచ్చి చూడండి, అదే బౌద్ధం. గొడవంతా ఆదివారం సాయంత్రం మూడు గంటలదే. దానికోసం వారమంతా తాళం వేస్తారా?

ఇంటర్_ఫెయిల్
ఆంటీ అన్నారని బీపీ వచ్చిందా, బిర్యానీ చూసి వచ్చిందా, ముందు అది తేల్చండి 😄

సముద్రపుగాలి
@ఇంటర్_ఫెయిల్ రెండూ.

కారు_స్టీరింగ్
నేను టూరిస్టు బండి నడుపుతాను. కార్లు కిందే ఆపమంటే సరే. మరి మోకాళ్ళ నొప్పులున్న పెద్దాళ్ళని ఎవరు ఎక్కిస్తారు, మేమా? మీ అత్తగారు కారులోనే కదా పైకొచ్చింది?

పోయినేడు ఒక బ్యాచ్‌ని అజంతా తీసుకెళ్ళాను. అక్కడ ఫర్దాపూర్ దగ్గరే మన బండి ఆపేస్తారు. మిగతా 4 కిలోమీటర్లూ వాళ్ళ బస్సే. ఎవరూ గొణగలేదు, బస్సు వెంట వెంటనే ఉంది కాబట్టి. ఆపడం సులువు, ఆపాక మోసుకెళ్ళడం కష్టం. ఇక్కడ ముందు ఆపేస్తారు, బస్సు తర్వాత చూద్దాం అంటారు. నా భయం అదీ.

సముద్రపుగాలి
@కారు_స్టీరింగ్ అత్తగారి మాట నిజమే, తగిలింది.

బెల్లం_బాబు
మాది అనకాపల్లి. మా బొజ్జన్నకొండతో పోలిస్తే మీ బిర్యానీ చాలా నయం. అదీ పాత బౌద్ధ క్షేత్రమే. మా చిన్నప్పుడు కనుమ రోజున జనం ఊళ్ళకి ఊళ్ళు కదిలివచ్చి ఆ కొండని రాళ్ళతో కొట్టేవాళ్ళు. అక్కడున్నది రాక్షసుడి బొజ్జ అని, కొడితే చెడు పోతుందని. మా మావయ్య భుజాల మీదెక్కి నేనూ విసిరాను. అప్పట్లో పుణ్యమే అనుకున్నాను మరి. వారసత్వ సంపదని కాపాడే సంఘాల వాళ్ళు, పోలీసులు ఏళ్ళ తరబడి వెంటపడితేగానీ ఆ ఆచారం ఆగలేదు.

అంటే బోర్డు లేక కాదు. అదేంటో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, అంతే. అలెగ్జాండర్ రీ అనే దొర 1907-08లో అక్కడ తవ్వి రాసుకుపోయాడు, ఇంగ్లీషులో. మాకు తెలిసింది మాత్రం బొజ్జ.

మాచర్ల_మావ
తాళం వేస్తే ఏమవుతుందో మమ్మల్ని అడగండి. నాగార్జునకొండ లోయ మొత్తం సాగర్ కింద మునిగింది. 1955లో డ్యాముకి శంకుస్థాపన, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు, నీళ్ళు రాకముందే అందినకాడికి కొండ మీదికి, దగ్గర్లోని అనుపు అనే చోటికి మార్చి పేర్చారు. చెయ్యాల్సిన పనే, అన్నం పెట్టే నీళ్ళు. కానీ ఇప్పుడు ఆ కొండ దీవి. మ్యూజియం బంగారంలాంటిది, వెళ్ళాలంటే లాంచీ. గాలివాన అని ఒకరోజు, నీటిమట్టం అని ఒకరోజు లాంచీ తిరగదు. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళలో సగం మంది చూడనేలేదు. చెత్త లేదు, బిర్యానీ లేదు, డ్రోను లేదు. చూసేవాడూ లేడు.

పొద్దున్నే_నడక
@మాచర్ల_మావ సరిగ్గా చెప్పారు మావా.

కెమెరా_కన్ను
గాగ్రా షూటింగు నాది కాదు గానీ అలాంటివి నేనూ చేస్తాను, దాచేదేముంది. పెళ్ళివాళ్ళకి సముద్రం, కొండ, పాత రాయి ఒకే ఫ్రేములో కావాలి. వైజాగ్‌లో ఆ మూడూ ఒకేచోట ఉన్నవి ఎన్ని? ఫీజు పెట్టండి కడతాం. ఇక్కడ వద్దు, అక్కడ తీసుకో అని గీత గియ్యండి, దాటం. గీత లేనప్పుడు తిట్లు మాత్రం మాకే.

ఇంటర్_ఫెయిల్
సంసారం వదిలేసినవాళ్ళ గదుల్లో పెళ్ళి ఫోటోలు. ఈ ఐడియా మొదట వచ్చినవాడికి దండం పెట్టాలి.

కెమెరా_కన్ను
@ఇంటర్_ఫెయిల్ 😂 ఇది నాకింతవరకు తట్టలేదు. రేపటి క్లయింటుకి చెప్పను.

సున్నం_బెల్లం
పాత కట్టడాల మరమ్మతు పనిలో పదిహేనేళ్ళుగా ఉన్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓర్చుకోండి.

అందరూ మనుషుల మీద పడ్డారు. ఆ కొండకి మనిషికన్నా పెద్ద శత్రువు నీరు. 2019 అక్టోబరు వానలకి మహాస్తూపం ఒక పక్క జారి కూలింది, గుర్తుందా? దాని మీద ఎవరూ బిర్యానీ తినలేదు. తవ్వకాలయ్యాక పాత పునాది మీద కొత్త ఇటుకతో పేర్చి పెంచిన భాగం అది. ఇటుకల సందులోంచి వాన లోపలికి దిగుతుంది, లోపలి మట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, పొట్ట ఉబ్బినట్టు గోడ ముందుకొస్తుంది, ఒకరోజు పడుతుంది. అది చెప్పి పడదు, కానీ చూసేవాడికి ముందే తెలుస్తుంది. సందుల్లో గడ్డి మొలిచిందంటే అక్కడ తడి నిలిచినట్టే. రావి మొక్క మొలిచిందంటే ఇక పరుగెత్తాలి. బౌద్ధ క్షేత్రంలో రావి మొక్క పీకమంటే పనివాళ్ళు చెయ్యి వెయ్యరు, అది వేరే తలనొప్పి.

ఇంకోటి. ఎక్కడ పగిలితే అక్కడ సిమెంటు పూసేస్తే సరిపోతుందనుకుంటారు. పాత ఇటుక మెత్తన, ఊపిరి పీలుస్తుంది. సిమెంటు దాని ముక్కు మూసేస్తుంది. లోపలి తడి బయటికి రాలేక ఇటుకలోంచే దారి చూసుకుంటుంది. దాంతో ఉప్పు తేలి ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. పక్కనే సముద్రం, ఉప్పుకి కొదవలేదు. అందుకే సున్నం వాడాలంటాం. సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి, గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి చేస్తారు. చేసే మేస్త్రీలు తగ్గిపోతున్నారు. టెండరు మాత్రం నెలలో పూర్తి కావాలి. సున్నానికి నెల అంటే అది ఇంకా నిద్ర లేవదు.

స్తూపం మీద కూర్చోవడం తప్పు కాదనటం లేదు. అంచు ఇటుక కదులుతుంది, ఆ సందులోంచే నీరు దిగుతుంది. కానీ రోజుకి ఇంతమందే అని లెక్కపెట్టడం కన్నా వానాకాలం ముందు, తర్వాత కొండంతా తిరిగి నీళ్ళ దారులు చూసే ఒక్క మనిషి ముఖ్యం.

బెల్లం_బాబు
అంటే మా అనకాపల్లి బెల్లం స్తూపాలకి కూడా పడుతుందన్నమాట. రేటు పెంచమని యార్డులో చెప్తాను.

వలపోగు
మాది కొండ కిందే, బీచ్ రోడ్డు పక్క ఊరు. అందరూ మాట్లాడారు, మా గురించి ఎవులూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను.

మా తాత ఆ తవ్వకాల్లో కూలికి వెళ్ళాడు. 1988 నుంచి 93 దాకా జరిగాయి కదా, అప్పుడు వేట లేని రోజుల్లో తట్టలు మోశాడు. పెంకు దొరికితే అరవాలట, తవ్వించే సారు పరుగెత్తుకొచ్చి బ్రష్షుతో తుడిచేవారట. రోము వెండి నాణేలు బయటపడిన రోజు గురించి వందసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ ఒక నాణెం పెరిగేది. శాతవాహనుల సీసం నాణేలంటే మాత్రం ఆయనకి చిన్నచూపు, వలకి కట్టుకునే సీసమే కదా అని.

మొన్నటిదాకా మేకలు మేపుకున్న కొండ మాకు. కంచె అంటే ముందు మేం బయటికి పోతాం, సముద్రపుగాలి గారు కాదు. మా మేక పోతే ‘చారిత్రక సంపద’ అంటారు. కొండవాలులో భూములు కావాలని పెద్దాళ్ళు వస్తే ‘అభివృద్ధి’ అంటారు. ఆ మధ్య సినిమావాళ్ళ క్లబ్బుకి కొండ దగ్గర స్థలం ఇస్తామంటే హైకోర్టు దాకా వెళ్ళింది కదా. టికెట్టు పెడతారా, పెట్టండి. చింపేవాడు మా ఊరివాడై ఉండాలి. చెప్పేవాడూ మా ఊరివాడే అవ్వాలి. మా తాత కథలు చెప్పగలను, నాణేలు తగ్గించి చెప్తాను.

సముద్రపుగాలి
@వలపోగు మీరు రాసింది రెండుసార్లు చదివాను. కంచె అన్నప్పుడు నా కళ్ళ ముందు ఆ నలుగురు కుర్రాళ్ళే ఉన్నారు, మీరు లేరు. ఒప్పుకుంటున్నాను.

చట్టం_చిట్టా
కంగారు దేనికండీ. చారిత్రక కట్టడానికి 100 మీటర్లలోపు ఇటుక పేర్చకూడదు, ఇంకో 200 మీటర్లలో అనుమతి కావాలి. చట్టం ఉంది.

సున్నం_బెల్లం
@చట్టం_చిట్టా అది కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాలకి. బొజ్జన్నకొండ కేంద్రానిది, దానికి వర్తిస్తుంది. తొట్లకొండ రాష్ట్ర పురావస్తు శాఖది, అది 1960 నాటి రాష్ట్ర చట్టం కిందికొస్తుంది. ఈ పొరపాటు పేపర్లలో కూడా చూస్తుంటాను.

చట్టం_చిట్టా
ఓహో. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ అసలు గొడవ అప్పుడు హద్దు దగ్గరే ఉందిగా? కాపాడాల్సిన స్థలం 120 ఎకరాలు అని కొందరు, కాదు 1978 జీవో ప్రకారం ఆ సర్వే నంబరు మొత్తం, మూడు వేల ఎకరాల పైమాటే అని ఇంకొందరు. ఏ లెక్క అనేదాన్నిబట్టి బిర్యానీ గొడవ చాలా చిన్నదైపోతుంది.

పొద్దున్నే_నడక
120 చాలదా? కట్టడాలున్నది అందులోనేగా.

సున్నం_బెల్లం
చాలదు. ఆ కొండకి పేరొచ్చిందే తొట్ల వల్ల. భిక్షువులు రాయి తొలిచి వాననీళ్ళు పట్టుకున్నారు, కొండ మీద ఊట లేదు మరి. వాన ఎటు పడి ఎటు పారుతుందో చూసే అక్కడ తొలిచారు. వాలు తవ్వి రోడ్డేస్తే నీటి దారి మారుతుంది. స్తూపం ఎక్కడిదక్కడే ఉంటుంది, 120 ఎకరాలూ భద్రంగానే ఉంటాయి, వరద మాత్రం కొత్త దారిలో వస్తుంది. కొండని ముక్క కోసి కాపాడలేం.

సింగపూర్_సుబ్బులు
సింగపూర్‌కి దగ్గర కాబట్టి ఇండోనేషియాలోని బోరోబుదూర్ బౌద్ధ స్తూపానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తిరునాళ్ళలా ఉంది, అందరూ బూట్లతో మెట్లెక్కేస్తున్నారు. రెండోసారికి రోజుకి ఇంతమందే అని లెక్కపెట్టి పైకి పంపుతున్నారు, గైడు వెంట, మన బూట్లు విప్పించి ఆకులతో అల్లిన చెప్పులిస్తారు. దాని పేరు ‘ఉపానత్’. మన ‘ఉపానహం’ అక్కడ కాళ్ళకింద దొరికింది 🙂 రాయి అరిగిపోతోందని ఆ ఏర్పాటు. ఆ చెప్పులు ఊళ్ళవాళ్ళు అల్లుతారు, ఇంటికి తెచ్చుకోవచ్చు.

కానీ ఒకటి. 2022లో పైకెక్కడానికి విదేశీయులకి వంద డాలర్లు అన్నారు, సొంత దేశం వాళ్ళకి కూడా బాగా పెంచుతామన్నారు. అక్కడి బౌద్ధులే మొదట లేచారు, దణ్ణం పెట్టుకోవడానికి రేటేంటని. వెనక్కి తీసుకున్నారు. కాబట్టి సముద్రపుగాలి గారూ, లెక్క పెట్టడం ఒకటి, రేటు పెంచి జనాన్ని తగ్గించడం ఇంకొకటి.

ఇంటర్_ఫెయిల్
తొట్లకొండకి తాటాకు చెప్పులు పెడితే ఆదివారం సాయంత్రానికి ఒక్క జతా మిగలదు. గుళ్ళ దగ్గర మన అనుభవం తెలిసిందేగా.

ధమ్మపథిక
నేను బౌద్ధ ఉపాసకుడిని. వెసాక (వైశాఖ) పున్నమికి కొందరం కలిసి వెళ్ళి కూర్చుంటాం. ‘భద్రం చేయాల్సిన శిథిలం’ అని అందరూ అంటున్నారు గానీ, మాలాంటివాళ్ళకి అది ఇప్పటికీ ఆరామమే. బొజ్జన్నకొండ రాళ్ళ మాట చదివి కాసేపు ఏమీ తోచలేదు, బెల్లం బాబు గారూ. మీ మీద కోపం లేదు.

మీ తగువు పాతదే. రాజగృహంలో బింబిసారుడు బుద్ధుడికి తోట ఇవ్వాలనుకున్నప్పుడు ఎలాంటి చోటు కావాలని ఆలోచించాడో భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఉంది. ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. రాకపోకలకి వీలుండాలి, రావాలనుకున్నవాడు రాగలగాలి. పగలు మరీ రద్దీ, రాత్రి చప్పుడు ఉండకూడదు. అలా చూసి వేణువనం ఇచ్చాడు. తొట్లకొండ కూడా అలాంటి చోటే కదా. కింద సముద్రం, ఓడలు, వర్తకులు. పైన వానాకాలం మూడు నెలలు కదలకుండా ఉండే భిక్షువులు. వర్తకులు పైకెక్కి దానమివ్వకపోతే ఆ స్తూపాలే లేవు, రోము వెండి అక్కడికి నడుచుకుంటూ రాలేదు. కాబట్టి జనం రావడం అపచారం కాదు. అక్కడికొచ్చి బీచ్‌లో ఉన్నట్టు ఉండడంతోనే నాకు ఇబ్బంది. సంగీతం పెట్టె, డ్రోను ఆపితే చాలా వరకు నాకు చాలు. బిర్యానీ కూడా పర్వాలేదు, భోజనశాల శిథిలం ఉండనే ఉంది, వాళ్ళూ తిన్నారు. ఎక్కడ తినాలో అక్కడ.

వలపోగు
@ధమ్మపథిక వాళ్ళు తొట్టిలో కవరు వేసి ఉండరు.

ధమ్మపథిక
@వలపోగు ఉండరు. ఆ నీళ్ళే తాగాలి కదా.

కారు_స్టీరింగ్
దగ్గర్లోనే ఇంకో బౌద్ధ క్షేత్రం, బావికొండ ఖాళీగా ఉంటుంది కదా, సగం జనాన్ని అటు మళ్ళిస్తే?

పొద్దున్నే_నడక
దయచేసి బావికొండ పేరెత్తకండి. అదొక్కటే మిగిలింది. ధాతువుల (అస్థికల) భరిణె దొరికిన చోటది, అక్కడికీ డ్రోనులు తెస్తారా?

ఇంటర్_ఫెయిల్
తాళం వేస్తారా అని గింజుకున్నది తమరే కదా మాస్టారూ? పైన చూడండి, మూడో లైను.

పొద్దున్నే_నడక
దొరికిపోయాను. నా తాళం నా దగ్గరుంటే పర్వాలేదనుకున్నట్టున్నాను.

అభివృద్ధి_ఆచారి
మీరంతా సెంటిమెంటు. కొండ మీద మంచి హోటలు, లైట్ షో, రోప్‌వే పెడితే దేశాలనుంచి బౌద్ధ యాత్రికులు వస్తారు, ఉద్యోగాలొస్తాయి. థాయ్, శ్రీలంక నుంచి ఒక్క విమానం దిగినా చాలు.

మాచర్ల_మావ
మా దగ్గర సాగర్‌లో బుద్ధవనం అని బౌద్ధ పార్కు 274 ఎకరాల్లో కట్టారు. బాగుంది, వెళ్ళి చూడండి. అది కొత్త చోట కొత్తగా కట్టింది, పాతదాని నెత్తి మీద కాదు. మీ హోటలు కింద, రోడ్డుకి అవతల కట్టుకోండి, మేమే వచ్చి దిగుతాం. యాత్రికుడు లైట్ షో కోసం సముద్రం దాటి రాడు.

ధమ్మపథిక
మా సంఘానికి వచ్చిన శ్రీలంక భంతే (భిక్షువు) గారు పైన గంటన్నర కళ్ళు మూసుకు కూర్చున్నారు. లేచాక అడిగిందల్లా మరుగుదొడ్డి ఎక్కడని.

అభివృద్ధి_ఆచారి
సరే, మరుగుదొడ్డి, మంచినీళ్ళు అన్నా ఒప్పుకుంటారా?

సున్నం_బెల్లం
అందరం ఒప్పుకుంటాం. పార్కింగు దగ్గర, తొట్లకి దిగువన. గొయ్యి తవ్వేముందు పురావస్తువాళ్ళని పిలిచి.

కెమెరా_కన్ను
ఈ చర్చ లింకు మా ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టాను. స్తూపాల మీద, గదుల పునాదుల మీద తియ్యం, కొండ అంచు వైపు సముద్రం వెనకపెట్టి తీస్తాం అని పదకొండుమంది ఒప్పుకున్నారు. ఇద్దరు నవ్వారు. ఒకడు గ్రూపు వదిలి వెళ్ళిపోయాడు.

వేదిక_నిర్వాహకుడు
రెండు పోస్టులు తీసేశాను, పార్టీల గొడవ. కొండ మీదే మాట్లాడుకోండి. బావికొండకి దారి చెప్పిన పోస్టు తియ్యమని ఒకాయన మూడుసార్లు అడిగారు, అది తియ్యను. అది ప్రభుత్వం వేసిన బోర్డు మీదే ఉంది సార్.

సముద్రపుగాలి
మొదట రాసినదాన్ని సగం మార్చుకున్నాను. టికెట్టు చిన్నది సరే, కార్లు కిందే, పెద్దవాళ్ళకి బ్యాటరీ బండి, ఊరి కుర్రాళ్ళే గైడ్లు, నీళ్ళ దారులు చూసే మనిషి. లెక్కపెట్టి ఆపడం ఇప్పుడే వద్దు. మా ఆయనకి చదివి వినిపిస్తే "నేను అదే అన్నాను" అన్నారు. ఏమీ అనలేదు ఆయన, కంచె అన్నారంతే.

ఈ ఐదు ముక్కలూ అర్జీగా రాస్తాను, పేర్లు ఇచ్చేవాళ్ళు విడిగా సందేశం పెట్టండి. వచ్చే ఆదివారం కారు తియ్యను, ఆర్కే బీచ్ దగ్గర 900కె బస్సు ఎక్కి ఏడుకల్లా దిగుతాను. గోనెసంచులు, చేతితొడుగులు తెస్తాను. తొట్ల చుట్టుపక్కల పైపైన కనిపించే చెత్త మాత్రమే, ఇటుక, పెంకు ఏదీ ముట్టుకోకూడదు అని సున్నం బెల్లం గారు ఇప్పటికే హెచ్చరించారు. పైన కాపలా ఆయనకి ముందే చెప్పాను.

పొద్దున్నే_నడక
నేను ఆరున్నరకే ఉంటాను.

వలపోగు
ఏడంటే ఎండెక్కుతుంది, ఆరుకి రండి. తాడు, కొక్కెం నేను తెస్తాను, తొట్టి లోపలికి దిగొద్దు, పాచికి జారుతుంది. మా తాతని కూడా తీసుకొస్తా, మోసుకురావాలి గానీ.

కారు_స్టీరింగ్
తాతని నేను ఎక్కిస్తాను. ఆ ఒక్క కారుకి అనుమతివ్వండి.

బెల్లం_బాబు
అనకాపల్లి నుంచి మొదటి బస్సుకి బయల్దేరినా ఆరుకి రాలేను. పులిహోర చేయించి తెస్తాను, ఎనిమిదికి.

సముద్రపుగాలి
@బెల్లం_బాబు పులిహోర కింద, రోడ్డు పక్కన తిందాం. స్తూపం దగ్గర తింటే నన్ను నేనే తిట్టుకోవాల్సొస్తుంది.

ఇంటర్_ఫెయిల్
నేనూ వస్తున్నా ఆంటీ.